పని మీద వెళ్ళిన ఊరు చూస్తే తప్పా?

ఈసారి వచ్చిన ఉత్తరం పెద్దది. ముఖ్యమైనదేదీ పోకుండా కుదించి చెబుతాను.

రాసినావిడ వయసు 31. సొంతూరు హనుమకొండ, ఉండేది హైదరాబాద్‌లో, ఉప్పల్ దగ్గర, అత్తమామలతో కలిసి. ఆస్పత్రి ల్యాబుల్లో రక్తపరీక్షలు చేసే మిషన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం. కొత్త మిషన్ బిగించిన ఊరికల్లా వెళ్ళి అక్కడి టెక్నీషియన్లకు నాలుగైదు రోజులు ట్రైనింగ్ ఇచ్చి రావాలి. నెలకో టూరు, ఒక్కో నెల రెండు. నాలుగేళ్ళ పాప ఉంది. టూరుకి వెళ్ళినప్పుడు పాపను అత్తమ్మ చూసుకుంటుంది, స్కూల్లో దింపడం, తీసుకురావడం భర్త పని.

మార్చిలో మదురై వెళ్ళారు. మూడో రోజు పని ఆరింటికే అయిపోతే, ఇంత దూరం వచ్చి అమ్మవారిని చూడకుండా ఎలా పోతామని మీనాక్షి గుడికి వెళ్ళారు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి బయట కౌంటర్‌లో పెట్టి, దర్శనం చేసుకుని, ఫోన్ వెనక్కి తీసుకుని, వీధి చివర ఒక కొట్లో జిగర్‌తండా తాగారు. "చల్లటి పాలు, అడుగున బాదం బంక, పైన ఐస్‌క్రీమ్, మధ్యలో ఏదో వేరు వాసన. అలాంటిది మా ఇంట్లో ఎప్పుడూ తాగలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నాకు ఎవరూ గుర్తు రాలేదు మేడం" అని రాశారు. గ్లాసు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టారు. ఆ తర్వాత చూసుకుంటే ఇంటి నుంచి ఏడు మిస్డ్ కాల్స్. పాపకు 102 జ్వరం.

ఫోన్ చేస్తే అత్తమ్మ ఒకటే మాట అన్నదట: "మేమిక్కడ పిల్లకు తడిగుడ్డలు పెడుతుంటే నువ్వక్కడ ఐస్‌క్రీములు తింటున్నవా?" భర్త ఆ రాత్రి ఏమీ అనలేదు. ఆవిడ తిరిగొచ్చిన రెండు రోజులకు, అన్నం తింటూ తింటూ, "నువ్వు పనికి పోతున్నవా, తిరగడానికి పోతున్నవా?" అని అడిగాడు. స్టేటస్ చూసిన కొలీగ్ ఎవరో ఆఫీసులో చెప్పారు. నెలాఖరు మీటింగ్‌లో మేనేజర్ అందరి ముందు "తీర్థయాత్ర బాగా జరిగిందా?" అన్నాడు.

ఆ తర్వాత రెండు టూర్లు అయ్యాయి. కర్నూలులో కొండారెడ్డి బురుజును ఆటోలోంచి చూశారు, అంతే. హుబ్బళ్ళిలో నాలుగు రాత్రులూ రూముకి పెరుగన్నం తెప్పించుకుని తిన్నారు. ఎదురుగా ఖానావళిలో (భోజన హోటల్) జొన్నరొట్టెలు తడుతున్న చప్పుడు కిటికీలోంచి వినబడుతున్నా కిందికి దిగలేదు. పక్కనే ఉన్న ధార్వాడ్ పేడా కూడా కొనలేదు. ఇంటికొచ్చాక పాప మీద ఊరికే అరుస్తున్నానని, ఎందుకో తెలియడం లేదని రాశారు.

ఆగస్టులో రాజమండ్రి టూరు ఉంది, అయిదు రోజులు. చిన్నప్పుడు నాన్న కాళేశ్వరం తీసుకెళ్ళి గోదావరిలో స్నానం చేయించాడట. అదే నది కిందికి పోయాక ఎలా ఉంటుందో చూడాలని ఎప్పటినుంచో కోరిక. అక్కడి డీలర్ అప్పుడే ఫోన్ చేసి "మేడం, కారు పెడతాం, అన్నీ చూపిస్తాం, పులస తినిపిస్తాం" అన్నాడు. ఆవిడ అడిగింది ఇదీ: "మళ్ళీ రూములోనే కూర్చోవాలా? ఎవరికీ చెప్పకుండా చూసి రావాలా? టూర్లు లేని పని అడగాలా? ఇది నాకు ఇష్టం అని చెప్పుకోవడమే తప్పా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జిగర్‌తండా గురించి రాసిన నాలుగు లైన్ల కింద మూడుసార్లు క్షమించమని అడిగారు. ముందు ఆ విషయం తేల్చుకుందాం. ఆరింటికి పని ముగించి, జీతానికి సరిపడా ఒళ్ళు వంచి, ఆ తర్వాత ఒక గ్లాసు పాలు తాగినందుకు మీరు ఎవరికీ క్షమాపణ బాకీ లేరు. ఇంకో మాట, ఆ వేరు వాసన అన్నారే, అది నన్నారిది. సుగంధిపాల వేరు అంటాం మనం. రాయలసీమలో ఎండలు మొదలైతే సందు సందునా నన్నారి సోడా అమ్ముతారు. కర్నూలులో మీరు రూము తలుపు తీసుకుని బయటికొచ్చి ఉంటే అదే వాసన మళ్ళీ తగిలేది. మదురైని ఏలిన నాయకరాజులు తెలుగువాళ్ళు, ఆ ఊళ్ళో తాగిన పానీయంలోని వేరు మన సీమలో దొరుకుతుంది. ఇలాంటివి చూసి సంతోషపడే గుణం మీలో ఉంది. అది పోగొట్టుకోవద్దు, మిగతావన్నీ సర్దుకోవచ్చు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. ఏడు మిస్డ్ కాల్స్.

మీరు దీన్ని జిగర్‌తండా గొడవగా చూస్తున్నారు, అందుకే ఆ రోజు నుంచి మీ నాలుకకు శిక్ష వేసుకుంటున్నారు. కానీ ఆ సాయంత్రాన్ని మీ అత్తమ్మ వైపు నుంచి ఒకసారి చూడండి. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఏ మందు ఎంత వెయ్యాలో అడుగుదామని కోడలికి ఫోన్ చేస్తే ఎత్తదు. ఒకటి, రెండు, ఏడు. పరాయి రాష్ట్రంలో ఒక్కతే ఉంది, ఏమైందో తెలియదు. ఆవిడకి ఆ గంటన్నరలో రెండు భయాలు, ఒకటి మనవరాలి గురించి, రెండోది మీ గురించి. అప్పుడు కొడుకో కూతురో ఫోన్ చూపించి "ఇదిగో, ఇప్పుడే స్టేటస్ పెట్టింది" అంటే ఆ భయమంతా ఒక్కసారి కోపంగా మారింది. ఫోన్ ఎత్తని మనిషి ఫొటో పెట్టింది అన్నదే ఆవిడకి కనిపించింది. గుడి కౌంటర్ సంగతి ఆవిడకేం తెలుసు? ఆ సంగతి మీరు ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరంలో అయితే లేదు. ఆ రాత్రి ఏడ్చి, సారీ చెప్పి పెట్టేశారు. సారీ చెబితే ఎదుటివాళ్ళు అనుకున్నదే నిజమని ఒప్పుకున్నట్టయింది.

కాబట్టి ఆగస్టుకి ముందు చేయాల్సింది ఒకటుంది. అత్తమ్మ దగ్గర కూర్చుని, ఆ రోజు ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వలేదని, బయటికొచ్చాక ముందు కాల్స్ చూసుకోకుండా ఫొటో పెట్టడం మాత్రం మీ పొరపాటేనని, మీ నోటితో మీరే చెప్పండి. ఇక ముందు ఫోన్ పక్కన పెట్టాల్సిన చోటికి వెళ్తే లోపలికి అడుగుపెట్టే ముందే "గంటన్నర దొరకను, అర్జెంటైతే ఈ నంబరుకి చెయ్యండి" అని లాడ్జి రిసెప్షన్ నంబరు ఇచ్చి వెళ్తానని చెప్పండి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది. నెలకి అయిదు రోజులు పిల్లను చూసుకునే మనిషికి ఇది చాలా పెద్ద మాట. ఆవిడ వెంటనే మెత్తబడుతుందని నేను చెప్పను, "ఇప్పుడు చెప్తే ఏం లాభం" అని ముఖం తిప్పుకోవచ్చు కూడా. అయినా చెప్పండి, అది వినాల్సిన హక్కు ఆవిడకి ఉంది.

ఇక మీరు అడిగిన దారులు.

రూములోనే కూర్చోవడం మీరు రెండు టూర్లు చేసి చూశారు. దానివల్ల ఏం వచ్చిందో మీరే రాశారు, పాప మీద అరుపులు. మీరు పెరుగన్నం తిన్నందువల్ల ఇంట్లో ఎవరికైనా ఒక్క పని తగ్గిందా? అత్తమ్మకి ఒక గంట నిద్ర ఎక్కువ దొరికిందా? లేదు. మీరు ఏం త్యాగం చేశారో ఇంట్లోవాళ్ళకి తెలియను కూడా తెలియదు, తెలియని త్యాగానికి మెచ్చుకోలు రాదు, రాకపోయేసరికి మీకు మండుతుంది, ఆ మంట నాలుగేళ్ళ పిల్ల మీదికి పోతోంది. ఇంట్లో తాత్కాలికంగా మాట పడకుండా ఉండటానికి ఈ దారి పనికొస్తుంది, నిజమే. పదేళ్ళ ఉద్యోగానికి పనికిరాదు.

చెప్పకుండా వెళ్ళి రావడం గురించి నా కథ ఒకటి చెప్పాలి. నేను ఆడిట్ పని మీద 24 ఏళ్ళు జిల్లాలు తిరిగాను. 1993లో, పెళ్ళయిన రెండో ఏడు, బందరులో వారం రోజుల పని పడింది. ఆదివారం ఆఫీసు లేదు. లాడ్జిలో పక్కగదిలో దిగిన ఒక టీచరమ్మతో కలిసి బస్సెక్కి మంగినపూడి వెళ్ళాను. అప్పటిదాకా నేను సముద్రం చూడలేదు. అక్కడ మామూలు ఇసుక ఉండదు, నల్లమట్టి. కెరటం వచ్చి పాదాల కింద మట్టి లాక్కుపోతుంటే చీర ఎత్తిపట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఇంటికొచ్చాక మా అత్తగారు "ఆదివారం ఏం చేశావమ్మా?" అని మామూలుగానే అడిగింది. "ఫైళ్ళు చూసుకున్నానండీ" అన్నాను. ఎవరూ నన్ను కాదనలేదు, ఎవరూ తిట్టలేదు, ముందుగానే భయపడి అబద్ధం ఆడాను. మర్నాడు బట్టలు నానబెడుతూ ఆవిడ నా చీర అంచు రెండు చేతులతో చాపి నా ముందు పట్టుకుంది. జానెడు మేర ఎండిన నల్లమట్టి. ఒక్క మాట అనలేదు. నేను తెచ్చిన బందరు లడ్డు డబ్బా తాడు కూడా విప్పలేదు. ఆ తర్వాత ఏడాది పాటు నేను ఎక్కడినుంచి వచ్చినా నా బట్టలు ముందు ఆవిడ చేతిలోకి వెళ్ళేవి. నిజంగా ఫైళ్ళు చూసుకున్న ఆదివారాలు కూడా నమ్మించలేకపోయాను.

అప్పట్లో చీర అంచు పట్టించింది. ఇప్పుడు మీ కొలీగ్ పెట్టే ఒక్క గ్రూప్ ఫొటో చాలు. చెప్పకుండా వెళ్తే ఆ రోజు గొడవ తప్పుతుంది, దొరికిన రోజున మాత్రం మిగతా అన్ని టూర్ల మీదా అనుమానం వస్తుంది. మీ ఇంట్లో నిజం చెబితే మీకు ప్రమాదం అనే పరిస్థితి ఉంటే నేను వేరేగా చెప్పేదాన్ని. మీ ఉత్తరంలో అలాంటిది నాకు కనపడలేదు.

టూర్లు లేని పని అడగడం. అడగొచ్చు, తప్పేం లేదు, పాప చిన్నది. అయితే ఏ కారణంతో అడుగుతున్నారో మీకు స్పష్టంగా ఉండాలి. పాపకు దూరంగా ఉండలేక అడిగితే అది ఒక నిర్ణయం, ఆరు నెలలకో ఏడాదికో అని గడువు పెట్టుకుని అడగండి, అప్పుడు తిరిగి వెళ్ళే దారి ఉంటుంది. "తిరుగుబోతు" అనే మాట పడలేక అడిగితే మాత్రం ఆ బాధ మీతోపాటు డెస్కు దగ్గరికీ వస్తుంది. మీ టూరు డబ్బులతో ఇంటి లోన్ కిస్తీ కొంత పోతోందని రాశారు కదా, అవి ఆగితే నెలకి ఎంత తేడా వస్తుందో మీ ఆయన, మీరు కాగితం మీద వేసుకుని చూడండి. ఆ లెక్క చూశాక ఆయన అడిగే ప్రశ్న మారే అవకాశం కూడా ఉంది.

మీరు అడగని దారి ఇంకోటి ఉంది, నాకు అదే నచ్చుతుంది. చెప్పి వెళ్ళడం. పర్మిషన్ అడగమనడం లేదు, చెప్పమంటున్నాను. "సోమవారం నుంచి శుక్రవారం దాకా ట్రైనింగ్. సాయంత్రం ఆరు తర్వాత ఒకరోజు ఘాట్‌కి పోతా, ఒకరోజు ధవళేశ్వరం పోతా. రోజూ ఏడున్నరకి పాపతో వీడియో కాల్ చేస్తా, ఆ కాల్ అయ్యాకే నా తిండి" అని బయలుదేరే ముందే ఇంట్లో అందరి ముందు చెప్పండి. ఫొటోలు తీసుకోండి, ముందు ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. స్టేటస్ తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు, ఫొటోలు పాడైపోవు. ఇలా చెబితే మొదటిసారి ఎవరో ఒకరు మూతి ముడుస్తారు, రెండోసారీ ముడుస్తారు, అది భరించాలి. నాలుగో టూరుకి "ఈసారి ఏమున్నదట ఆ ఊళ్ళ?" అని అడగడం మొదలవుతుంది. అందరిళ్ళలో అవుతుందని కాదు, చాలా ఇళ్ళలో అయింది, నేను చూశాను.

మీ ఆయన సంగతి వేరుగా మాట్లాడాలి. ఆయన ఆ రాత్రి ఏమీ అనకుండా రెండు రోజులు ఆగి అడిగాడు. ఆ రెండు రోజులు ఆయన మనసులో ఏం తిరిగిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. కానీ మీ ఉత్తరంలో నాకు ఒకటి కనిపించలేదు, గత నాలుగేళ్ళలో ఆయన తన కోసం ఎక్కడికైనా వెళ్ళాడా అన్నది. స్నేహితులతో ఒక పూట, ఒక క్రికెట్ మ్యాచ్, ఏదైనా. ఆ రోజు జ్వరం పిల్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే, మర్నాడు సెలవు పెట్టింది ఆయనే. ఇంట్లో ఉండేవాళ్ళకి ఊళ్ళు తిరిగేవాళ్ళ పని కనపడదు, రెండు గంటల సంతోషం మాత్రం కనపడుతుంది. మీరు రోజంతా నిలబడి ట్రైనింగ్ ఇచ్చిన ఫొటో ఎవరూ పెట్టరు కదా. ఒకసారి ఆయనతో అనండి: "నేను టూరు నుంచి వచ్చాక వచ్చే ఆదివారం నీది. పాపను నేను చూసుకుంటా, నువ్వు ఎక్కడికైనా పో." వద్దంటే వద్దననివ్వండి. అడిగారన్న సంగతి ఆయనకి గుర్తుంటుంది. ఒకవేళ అన్నీ చెప్పాక కూడా గంటగంటకీ ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, లొకేషన్ పంపు అని మొదలైతే, అది పులసకీ జిగర్‌తండాకీ సంబంధం లేని సమస్య. అప్పుడు మళ్ళీ రాయండి, వేరే మాట్లాడుకుందాం.

మేనేజర్ మాట మిమ్మల్ని గుచ్చిందని అర్థమైంది. దానికి రెండు రకాలుగా పోవచ్చు. ఊరుకుంటే కొన్నాళ్ళకి మరిచిపోతారు, లేదా మీకు ఆ ముద్ర పడిపోతుంది. ఒక్కసారి విడిగా కలిసి, "సార్, ఆ రోజు ట్రైనింగ్ ఆరింటికి పూర్తయింది, రిపోర్టు అదే రోజు పంపాను, ఆ మాట అందరి ముందు అనడం నాకు బాధ కలిగించింది" అని మామూలు గొంతుతో చెబితే, ఆయన కాసేపు ముభావంగా ఉండొచ్చు, కానీ రెండోసారి అనడానికి ముందు ఆలోచిస్తాడు. నేనైతే రెండోదే చేస్తాను. అయితే మీ వైపు లెక్క గట్టిగా ఉండాలి. కంపెనీ ఇచ్చే డీఏ, అంటే టూరులో రోజువారీ భత్యం, తిండికే ఇస్తారు, దానితో హోటల్ పెరుగన్నం తిన్నారా, ఊరి పెసరట్టు తిన్నారా అన్నది వాళ్ళకు సంబంధం లేదు. చూడటానికి పెట్టుకున్న ఆటో, కారు మాత్రం మీ జేబులోంచే. ఒక్క రూపాయి కూడా టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లులో కలవకూడదు. శనివారం ఆగాలనుకుంటే ఆ రాత్రి రూము అద్దె మీరే కడతానని ముందే మెయిల్ పెట్టండి.

డీలర్ కారు, డీలర్ పులస, ఇక్కడ మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. పులస అంటే ఏమిటో మీకు తెలుసో లేదో. సముద్రంలో ఉండే చేప, వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగిలినప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది, ఆ తీపినీళ్ళలో ఈదినకొద్దీ దానికి రుచి వస్తుందంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల్లో సామెత. మీరు వెళ్ళే ఆగస్టు దానికి సరైన కాలమే. ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. అంత ఖరీదైన పులుసు ఊరికే ఎవరు పెడతారు? రేపు ఆ డీలర్ సర్వీసు సరిగా చేశాడా లేదా అని రిపోర్టు రాయాల్సింది మీరు. తిన్నాక రాసే రిపోర్టు నిజాయితీగానే రాసినా, మేనేజర్ మళ్ళీ మీటింగ్‌లో ఒక మాట అంటే ఈసారి మీ దగ్గర జవాబు ఉండదు. ట్రైనింగ్ జరిగే చోట అందరితో కలిసి భోజనం, టీ, అవి వేరు. "థాంక్సండీ, టూర్‌లో ఉన్నప్పుడు నా తిరుగుడు నేనే చూసుకుంటాను" అని నవ్వుతూ అనేయండి, ఒక్కసారి అంటే చాలు, మళ్ళీ అడగరు. పులస తినాలని మరీ ఉంటే మీ డబ్బుతో, ల్యాబులో పనిచేసే ఊరివాళ్ళను అడిగి వాళ్ళు నమ్మే చోట తినండి, ఎందుకంటే బయటి నుంచి వచ్చిన ఇలసను (అదే జాతి చేప) పులస అని అమ్మేవాళ్ళు ఎక్కువ. ముళ్ళు కూడా చాలా ఉంటాయి, తీరిగ్గా తినాలి. మర్నాడు పొద్దున్నే మిషన్ ముందు నిలబడాల్సిన రోజు రాత్రి అలాంటి ప్రయోగాలు పెట్టుకోవద్దు, ఆఖరి రోజుకి ఉంచుకోండి.

అసలు ఏ ఊరికి వెళ్ళినా మీకు దొరికే మంచి గైడ్లు మీ టెక్నీషియన్లే. "ఇక్కడ ఫేమస్ ఏంటి?" అని అడిగితే అందరూ చెప్పేదే చెబుతారు. "మీ ఇంట్లో ఆదివారం పొద్దున్న ఏం చేసుకుంటారు?" అని అడగండి. అప్పుడు పొట్టిక్కలు బయటికొస్తాయి. పనసాకులను బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, అంబాజీపేట వైపు బాగా చేస్తారు, ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. మీరు కూడా హనుమకొండ నుంచి సకినాలు ఒక డబ్బా పట్టుకెళ్ళండి. తిండి గురించి మాట మొదలుపెట్టడానికి అంతకంటే మంచిది లేదు.

అయిదు సాయంత్రాల్లో ఏది చూడాలి అంటే, అన్నీ చూడాలని పెట్టుకోకండి. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు నీళ్ళ మీదికి దిగుతాడు. పని అయిన వెంటనే ఘాట్‌కి వెళ్తే అది దొరుకుతుంది. దారిలో రోజ్ మిల్క్ తాగండి, ఆ ఊళ్ళో అది ఎండ దెబ్బకి మందులాంటిది. ఇంకో సాయంత్రం ధవళేశ్వరం. 1852 నాటికి కాటన్ కట్టించిన ఆనకట్టతోనే ఆ డెల్టా అంతా పచ్చబడింది, అందుకే అక్కడ ఊరూరా ఆయన విగ్రహాలుంటాయి. కాళేశ్వరంలో మీరు మునిగిన నీళ్ళు అక్కడికొచ్చి పాయలుగా చీలతాయి. అయితే ఆగస్టు వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75 అయితే రెండోది. ఆ వార్త చూస్తే ఘాట్ మెట్ల మీదికి దిగొద్దు, పాపికొండల లాంచీ మాట అసలు ఎత్తొద్దు. మామూలు రోజుల్లో కూడా పాపికొండలకు రోజంతా పడుతుంది, అది ఇంటిల్లిపాదితో వెళ్ళాల్సిన చోటు.

ఒక పూట ఎలాగైనా తీసుకోగలిగితే, వెలుతురు ఉండగా, ఆత్రేయపురం వెళ్ళి రండి. పూతరేకులు కొనడానికే అయితే రాజమండ్రిలోనే దొరుకుతాయి, రేకు తీయడం చూడటానికి వెళ్ళండి. అడుగు నున్నగా ఉన్న కుండను పొయ్యి మీద బోర్లిస్తారు, కింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచటి బియ్యప్పిండి నీళ్ళలో చిన్న గుడ్డముక్క ముంచి ఆ కుండ మీద ఒక్కసారి లాగుతుంది ఆ అమ్మాయి. గుడ్డ పక్కకి పోయేలోపే తెల్లటి పొర ఆరి, అంచు దానంతట అదే లేస్తుంది. వేళ్ళతో తీసి పక్కన పెడితే ఉల్లిపొర కంటే పలుచన, అవతలి మనిషి ముఖం కనపడుతుంది. వేడి పొగలో రోజంతా అలా కూర్చుని వందల రేకులు తీసే ఆడవాళ్ళు వాళ్ళు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడండి, వాళ్ళ పిల్లలను ఎవరు చూసుకుంటారో అడగండి. మీకు చాలామంది తోడున్నారని తెలుస్తుంది.

చీకటి పడ్డాక కొత్త రోడ్ల మీద ఒంటరిగా వద్దు, తోడు ఒక టెక్నీషియన్ అమ్మాయి వస్తానంటే తీసుకెళ్ళండి, ఆటో నంబరు మీ ఆయనకి పంపండి. ఇది ఎవరి అనుమానం తీర్చడానికో కాదు, మీ కోసం.

ఇంటికి ఏం తేవాలన్నది కూడా అడిగారు చివర్లో. అందరూ స్వీట్లు తెమ్మంటారు, తెండి, తాపేశ్వరం మడత కాజా పాపకి నచ్చుతుంది. కానీ మీ అత్తమ్మ మేడ మీద మల్లెలు పెంచుతుందని రాశారు. రాజమండ్రి పక్కనే కడియం ఉంది, రోడ్డు పొడవునా నర్సరీలే. వెళ్ళేముందు "ఏం మొక్క కావాలి అత్తమ్మా?" అని అడగండి. ఆవిడ "ఏమొద్దు" అన్నా సరే, నర్సరీ నుంచి వీడియో కాల్ చేసి మొక్కల వరస చూపించండి. వేరు దగ్గర తడి ఆరకుండా కట్టిమ్మంటే కట్టిస్తారు, రైల్లో కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకురావచ్చు. పూతరేకులు మాత్రం బ్యాగు అడుగున పెట్టకండి, పొడి అయిపోతాయి, చేతిలోనే పట్టుకోండి.

వెళ్ళేటప్పుడు బండి కొవ్వూరు దాటాక రాజమండ్రికి ముందే వంతెన వస్తుంది. పక్కన పాత హేవలాక్ వంతెన స్తంభాలు కనపడతాయి, 1900 నుంచి 1997 దాకా దాని మీద రైళ్ళు నడిచాయి. అలారం పెట్టుకుని లేచి తలుపు దగ్గర కాకుండా కిటికీ దగ్గర కూర్చోండి. నేల మీద నుంచి నీళ్ళ మీదికి ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది, చాలాసేపు అలాగే ఉంటుంది. ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి పాపకి పంపండి, లేచాక వింటుంది.